గేటు ఎనిమిదింపావుకి మూస్తారు

నవంబర్‌లో జరిగే క్యాట్ (ఎంబీఏ సీట్లకి రాసే ప్రవేశ పరీక్ష) దగ్గరపడేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. సిలబస్ గురించి, కోచింగ్ గురించి అడిగేవాళ్లు తగ్గి, "పరీక్ష రోజు ఎలా మేడమ్?" అని అడిగేవాళ్లు పెరుగుతారు. నాది హిందూపురం. బెంగళూరులో ఇంజనీరింగ్ పిల్లలకు లెక్కలు చెబుతూ పంతొమ్మిదేళ్లయింది. ఆదివారాలు కంప్యూటర్ పరీక్షలు జరిగినప్పుడు డ్యూటీలు పడుతుంటాయి, వెళ్తుంటాను. ఏడాదంతా చదివిన పిల్లలు పేపరు తెరవకముందే ఎలా నష్టపోతారో అక్కడ కళ్లారా చూశాను. అందుకే ఈసారి పేజీ మొత్తం ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను.

*

మేడమ్, మాది ప్రొద్దుటూరు. బీటీఎం లేఅవుట్‌లో పీజీ హాస్టల్లో ఉండి ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. క్యాట్‌కి ఉదయం స్లాట్ పడింది. సెంటరు హోస్కోటె దాటాక ఒక కాలేజీ. మెట్రోలో వెళ్లి చివర్లో ఆటో పట్టుకుందామని ఫ్రెండ్స్ అంటున్నారు. కేఆర్ పురంలో మేనమామ ఇంట్లో ముందురోజు పడుకోమని అమ్మ అంటోంది. అక్కడ చిన్నపిల్లల గోల, చదువు సాగదని నా భయం. ఏం చేయమంటారు?

అమ్మ మాట విను బాబూ. లెక్క చూపిస్తాను. ఉదయం స్లాట్ పరీక్ష 8:30కి మొదలవుతుంది. 7 గంటల నుంచి లోపలికి పంపిస్తారు, 8:15కి గేటు మూసేస్తారు. ఇక నమ్మ మెట్రో సంగతి. మామూలు రోజుల్లో తెల్లవారుజామునే నడుస్తుంది కానీ ఆదివారం 7 గంటలకి గానీ మొదటి రైలు ఉండదు. నువ్వు జయదేవ దగ్గర ఎక్కి, ఆర్‌వీ రోడ్డులో మారి, మెజెస్టిక్‌లో మళ్లీ మారి, వైట్‌ఫీల్డ్ చివర దిగేసరికే 8:15 దాటిపోతుంది. దిగాక హోస్కోటె ఇంకా చాలా దూరం. మెట్రో మాట మరిచిపో.

క్యాబ్ ఉందిగా అంటావు. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకి బుక్ చేస్తే ఒప్పుకున్న డ్రైవరు పది నిమిషాలకి రద్దు చేయడం మన ఊళ్లో కొత్త కాదు. సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా మెట్రో పనుల వల్ల ఎక్కడ దారి మళ్లిస్తారో ముందురోజు చూసినవాడికి కూడా తెలియదు. ఇన్ని అనుమానాలు నెత్తిన పెట్టుకుని తెల్లవారుజామున లేవడం ఎందుకు? మీ మామయ్య ఇంటి నుంచి హోస్కోటె ఒకే రోడ్డు, ఓల్డ్ మద్రాస్ రోడ్డు. ఆయన బండి మీద దింపగలరు.

ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక సెంటర్లో నాకు గేటు దగ్గర అడ్మిట్ కార్డులు చూసే పని పడింది. 8:15కి సెక్యూరిటీ ఆయన గేటు లాగి గొళ్లెం పెట్టాడు. రెండు నిమిషాలకి ఒక అబ్బాయి ఆటోలోంచి దూకి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. అడ్మిట్ కార్డు గేటు ఊచల్లోంచి నా వైపు చాచాడు. చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ యాజమాన్యానికి ఊళ్లో రెండు కాలేజీలున్నాయి, పేరు ఒకటే. ఇతను ఏడు గంటలకే ఊరి మధ్యలో ఉన్న దానికి వెళ్లి అక్కడ నిలబడ్డాడు. జనం లేరేమిటా అని అడిగేసరికి ఏడున్నర. మన భాషలోనే "మేడమ్, ఒక్క నిమిషం మేడమ్" అన్నాడు. గేటు తీసే అధికారం నాకు లేదు. తీయించడానికి లోపలికి వెళ్లి అడిగాను, కుదరదన్నారు. తిరిగి వచ్చేసరికి అతను ఫుట్‌పాత్ మీద కూర్చుని చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు. ఎందుకో ఆ చెప్పులే ఇప్పటికీ కళ్లముందు ఉంటాయి.

అందుకని శనివారం మధ్యాహ్నమే మామయ్య ఇంటికి వెళ్లిపో. సాయంత్రం ఆయన్ని తీసుకుని సెంటరు గేటు దాకా వెళ్లిరా. కాలేజీ బోర్డు మీద పేరు, అడ్మిట్ కార్డు మీద పేరు, చిరునామా, పిన్‌కోడు ఒకటొకటిగా సరిపోల్చుకో. మ్యాప్‌లో కాలేజీ పేరు కొట్టి వచ్చిన మొదటి దాన్ని నమ్మకు. రేపు ఏ గేటు తీస్తారో వాచ్‌మన్‌ని అడుగు. పెద్ద క్యాంపస్‌లలో మెయిన్ గేటు నుంచి కంప్యూటర్ ల్యాబ్ ఉన్న బ్లాకు దాకా నడకే పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు మ్యాప్ చెప్పదు.

అడ్మిట్ కార్డు ఏ4 కాగితం మీద రెండు ప్రింట్లు తీయించు. ఫొటో అంటించాల్సిన చోట అప్లికేషన్‌లో పెట్టిన ఫొటోనే అంటించు. గుర్తింపు కార్డు ఒరిజినల్ ఉండాలి, జిరాక్స్ చెల్లదు, ఫోన్లో చూపిస్తే చెల్లదు. ఈ పని శుక్రవారానికల్లా అయిపోవాలి. ఆదివారం తెల్లవారుజామున ఏ జిరాక్స్ షాపూ తీసి ఉండదు. డ్యూటీలో నాకు ఎక్కువగా కనబడే కంగారు అదే.

ఫోన్, వాచీ, పర్సు మామయ్య చేతికిచ్చేసి లోపలికి వెళ్లు. సెంటర్లో సామాన్లు దాచే ఏర్పాటు ఉంటుందని అనుకోకు. పెన్ను, రఫ్ ప్యాడ్ వాళ్లే ఇస్తారు. నవంబర్ చివర మన దగ్గర పొద్దున చలి, లోపల ల్యాబ్‌లో ఏసీ. నిండుగా జేబులున్న జాకెట్ వేసుకుంటే తనిఖీ దగ్గర ఇబ్బంది, పల్చటి స్వెట్టర్ చాలు.

పిల్లల గోల గురించి. శనివారం రాత్రి చదవాల్సింది ఏమీ ఉండకూడదు. తొమ్మిదికి పడుకోవాలి, అంతే. ఆ అలవాటు రావాలంటే ఇవాళ్టి నుంచే మాక్ టెస్టులు సరిగ్గా ఉదయం 8:30కి రాయి. పీజీల్లో రాత్రి రెండింటిదాకా మేలుకునే పిల్లల్ని చూస్తున్నాను. వాళ్ల బుర్ర పొద్దున పదింటికి గానీ తెరుచుకోదు. క్యాట్‌లో మొదటి సెక్షన్ ఇంగ్లిష్ ప్యాసేజీలు, 40 నిమిషాలు. అది అయ్యాక వెనక్కి రానివ్వరు. ఆ తర్వాత డేటా, లాజిక్‌కి 40, చివర లెక్కలకి 40. నిద్రమత్తులో పోయిన మొదటి 40 నిమిషాలు లెక్కల్లో ఎంత బాగా చేసినా తిరిగి రావు.

*

సాయంత్రం స్లాట్ పేపరు కష్టంగా ఇస్తారట, మార్చుకోవడానికి దారి ఉందా? (ఒక పాఠకుడు, మారతహళ్లి)

స్లాటు మనం ఎంచుకునేది కాదు, వాళ్లు ఇచ్చేదే. మూడు స్లాట్లకీ మూడు పేపర్లు ఉంటాయి. వాటి కష్టసుఖాల తేడా సరిచేసి స్కేల్ చేసిన స్కోరు మీదే పర్సంటైల్ (నూటికి ఎంతమంది మన వెనక ఉన్నారో చెప్పే అంకె) ఇస్తారు. ఒక్క జాగ్రత్త చెబుతాను. ఉదయం స్లాట్ రాసి వచ్చినవాళ్లు గ్రూపుల్లో పెట్టే మెసేజ్‌లు మీ సాయంత్రం స్లాట్ అయ్యేదాకా చూడొద్దు. "లెక్కలు చాలా ఈజీ" అన్న ఒక్క మాట నమ్ముకుని లోపలికి వెళ్లి, మొదటి మూడు ప్రశ్నలు రాకపోయేసరికి చేతులు వణికినవాళ్లను చూశాను.

*

మేడమ్, నాకు 29 ఏళ్లు. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. ఎంబీఏకి రాసే మరో పరీక్ష జీమ్యాట్ రాద్దామని స్లాట్ బుక్ చేయబోతూ ఆగిపోయాను. పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉంది. పెళ్లయ్యాక ఆధార్‌లో మావారి ఇంటిపేరు వచ్చింది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం. దేని ప్రకారం పేరు ఇవ్వాలి? మా కజిన్ 2019లో రాసింది, నాలుగు సెక్షన్లు, వ్యాసం కూడా ఉంటుందంటోంది.

బుక్ చేయకముందు ఆగారు చూడండి, మంచి పని చేశారు. తెలుగువాళ్లకి ఈ పరీక్షల్లో వచ్చే పెద్ద తలనొప్పి సిలబస్ కాదు, ఇంటిపేరే. స్కూల్లో ముందు రాస్తాం, బ్యాంకులో పొడి అక్షరం చేస్తాం, పాస్‌పోర్టులో చివరికి పంపిస్తాం, పెళ్లయితే మారుస్తాం. మనకు మనిషి ఒక్కరే అని తెలుసు కానీ కౌంటరు దగ్గర కూర్చున్న వ్యక్తి చూసేది అక్షరాలు.

మన దేశంలో జీమ్యాట్ సెంటరుకి వెళ్లేవాళ్లు చూపించాల్సింది పాస్‌పోర్టు. కాబట్టి మిగతా కాగితాలన్నీ బీరువాలో పెట్టి పాస్‌పోర్టు ఒక్కటి తెరిచి పక్కన పెట్టుకోండి. అందులో ఇంటిపేరుకి ఒక గడి, సొంత పేరుకి ఒక గడి విడిగా ఉంటాయి. జీమ్యాట్ అకౌంట్‌లో ఆ రెండూ ఏ గడిలో ఉన్నవి ఆ గడిలో అక్షరం పొల్లుపోకుండా ఎక్కించండి. మీ పేరు మధ్యలో ఖాళీ ఉంటే ఖాళీ ఉండాలి, కలిపి ఉంటే కలిపే ఉండాలి. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే వరసలో ఉంటుంది. అలాంటివాళ్లు బుక్ చేయకముందే జీమ్యాట్ కస్టమర్ సర్వీసుకి మెయిల్ రాసి, వాళ్ల జవాబు దగ్గర పెట్టుకోవడం మేలు.

ఇంకో మాట. పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్పించుకోవాలని ఉంటే పరీక్ష అయ్యాక చేయండి. బుకింగ్‌కీ పరీక్షకీ మధ్యలో మార్పుకి ఇస్తే పాత పాస్‌పోర్టు రద్దవుతుంది, కొత్తది ఎప్పుడొస్తుందో, ఏ పేరుతో వస్తుందో అని ఎదురుచూస్తూ కూర్చోవాలి. గడువు తేదీ కూడా చూడండి. మా పక్కింటి అమ్మాయి పాస్‌పోర్టు పరీక్షకి ఇరవై రోజుల ముందు చెల్లకుండా పోయింది. చదువు మానేసి ఆ మూడు వారాలూ తత్కాల్ చుట్టూ తిరిగింది.

మీ కజిన్ చెప్పింది పాత పరీక్ష. అది 2024 జనవరితో ఆగిపోయింది. ఇప్పుడు మూడే సెక్షన్లు. లెక్కలు 21 ప్రశ్నలు, వెర్బల్ (ఇంగ్లిష్) 23, డేటా ఇన్‌సైట్స్ (పట్టికలు, గ్రాఫులు చూసి జవాబు చెప్పేవి) 20. ఒక్కోదానికి 45 నిమిషాలు. వ్యాసం లేదు. స్కోరు 205 నుంచి 805 దాకా. ఏ సెక్షన్ ముందు రాయాలో మీరే ఎంచుకోవచ్చు. ఆ నిర్ణయం తెర మీద ఆప్షన్లు చూశాక తీసుకోకండి. మాక్‌లలో రెండు మూడు వరసలు రాసి చూసి, ఇంట్లోనే ఒకటి ఖాయం చేసుకుని వెళ్లండి.

సెంటరుకి అరగంట ముందు చేరండి. పాస్‌పోర్టు చూస్తారు, ఫొటో తీస్తారు, సంతకం చేయిస్తారు, అరచేయి స్కాన్ చేస్తారు. బ్యాగు, ఫోను లాకర్లో. రఫ్ పనికి కాగితం కాకుండా చెరిపి రాసుకునే బోర్డు, మార్కర్ ఇస్తారు. ఇది చిన్న విషయం అనుకోకండి. మార్కర్‌తో రాస్తే అంకెలు పెద్దవవుతాయి, అరచేయి తగిలితే చెరిగిపోతాయి. స్టేషనరీ షాపులో లామినేట్ చేసిన షీట్లు నాలుగు, సన్న మార్కర్ ఒకటి కొని పదిహేను రోజులు దాని మీదే లెక్కలు చేయండి. క్యాలిక్యులేటర్ డేటా ఇన్‌సైట్స్‌లోనే వస్తుంది, లెక్కల సెక్షన్‌లో రాదు.

మధ్యలో పది నిమిషాల విరామం ఒక్కటే ఉంది. తీసుకోండి. లాకర్లోని నీళ్ల సీసా, అరటిపండు తీసుకోవచ్చు, ఫోన్ మాత్రం ముట్టుకోకూడదు. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ తనిఖీ ఉంటుంది. పది నిమిషాలు దాటితే తర్వాతి సెక్షన్ సమయంలో కోత పడుతుంది, కాబట్టి ఎనిమిదో నిమిషానికి తలుపు దగ్గర ఉండండి.

*

పరీక్ష మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే ఏం చేయాలి? ఆ టైమ్ పోయినట్టేనా? (ఒక విద్యార్థి, ఎలక్ట్రానిక్ సిటీ)

చెయ్యెత్తి, ఇన్విజిలేటర్ వచ్చేదాకా దించకు. నువ్వే రీస్టార్ట్ చేయాలని, వైరు కదిలించాలని చూడకు. నా డ్యూటీలో రెండుసార్లు ఇలా జరిగింది. రెండుసార్లూ పిల్లల్ని వేరే సిస్టమ్ ముందు కూర్చోబెట్టారు. అంతవరకు పెట్టిన జవాబులన్నీ ఉన్నాయి, గడియారం ఆగినచోటి నుంచే నడిచింది. అందులో ఒక అమ్మాయి ఏడ్చేసింది. సిస్టమ్ మూడు నిమిషాల్లో దొరికింది కానీ ఆమె సర్దుకోవడానికి ఇంకో అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాలు ఏ కంప్యూటరూ తిరిగి ఇవ్వదు. మౌస్, కీబోర్డు, కుర్చీ ఎత్తు పరీక్ష మొదలవకముందే చూసుకుని, బాగాలేకపోతే అప్పుడే చెప్పు. మొహమాటపడొద్దు. మార్పించుకోవడం నీ హక్కు.

*

అడగడానికి ఇబ్బందిగా ఉంది మేడమ్. పరీక్ష రోజుకి నెలసరి వచ్చేలా ఉంది. మాత్రలు వేసుకుని వాయిదా వేయమని రూమ్మేట్ అంటోంది. (పేరు వద్దన్న పాఠకురాలు, కోరమంగల)

ఇబ్బంది ఎందుకమ్మా, డ్యూటీలో ప్రతిసారీ ఒకరిద్దరు నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పే మాటే ఇది. వాయిదా మాత్రలు ఎవరో చెప్పారని వేసుకోవద్దు. అవి కొందరికి తలతిప్పు, వాంతి తెస్తాయి. వేసుకోవాలనే అనుకుంటే ఇప్పుడే డాక్టర్‌ని కలువు, పరీక్ష ముందురోజు కాదు. నొప్పి మాత్ర కూడా నీకు అలవాటైనదే వేసుకో.

లోపలికి పంపడం మొదలైనప్పటి నుంచి పరీక్ష అయ్యేదాకా లెక్క వేస్తే మూడున్నర గంటలు. తనిఖీ అయ్యాక, కూర్చోబోయే ముందు వాష్‌రూమ్‌కి వెళ్లిరా. ప్యాడ్ దగ్గరుంటే తనిఖీ చేసే మహిళా సిబ్బందికి ముందే చెప్పు, వాళ్లూ ఆడవాళ్లే. ముదురు రంగు, వదులు బట్టలు వేసుకో. హాల్లో నాలాంటి ఇన్విజిలేటర్ కనబడితే పరీక్ష మొదలుకాకముందే ఒక్క మాట చెప్పి ఉంచు. అవసరపడితే ఆమెకి మళ్లీ వివరించే పని ఉండదు.

*

అమ్మా, మాది పలమనేరు. మా అమ్మాయికి క్యాట్ మధ్యాహ్నం స్లాట్, సెంటరు బనశంకరి వైపు. తోడు వద్దంటోంది, నాకు మనసు ఒప్పుకోవడం లేదు. కార్తీకమాసం, ఇద్దరం ఉపవాసాలు ఉంటాం. చేతికి తాయెత్తు కట్టాను, అది తీసేయమంటారా? ఏం పెట్టి పంపాలి?

మీరు వెళ్లండి. కానీ ముందు అమ్మాయితో మాట్లాడి వెళ్లండి. తోడు వద్దనడంలో మీరంటే ఇష్టం లేక కాదు, మీ ముఖంలో కంగారు చూస్తే తనకి కంగారు పెరుగుతుందని. తల్లిదండ్రుల్ని గేటు లోపలికి రానివ్వరు. గేటు బయట ఎండలో నిలబడి ఉంటే లోపల కూర్చున్న పిల్లకి ఆ బెంగ కూడా తోడవుతుంది. "ఫలానా హోటల్లో కూర్చుంటాను, రెండున్నరకి పరీక్ష అవ్వగానే గేటు కుడిపక్క చెట్టు కింద ఉంటాను" అని చోటు చెప్పి పంపండి. తన దగ్గర ఫోన్ ఉండదు, మూడు నాలుగొందల మంది ఒక్కసారిగా బయటికి వస్తారు.

మధ్యాహ్నం స్లాట్ 12:30కి. 11 నుంచి లోపలికి పంపిస్తారు, 12:15కి గేటు మూస్తారు. అటువైపు వెళ్లేవాళ్లు పంచాంగం కూడా ఒకసారి చూసుకోవాలి. బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ జాతర, కార్తీకమాసం చివరి సోమవారం. 2024లో క్యాట్ నవంబర్ 24న, ఆదివారం జరిగింది, పరిషె మర్నాడు. ముందురోజు నుంచే బుల్ టెంపుల్ రోడ్డు పొడవునా వేరుశనగ రాశులు, జనం. ఆటోలు కదలవు. మీ అమ్మాయి పరీక్ష అలాంటి వారాంతంలో పడితే ఆ రోడ్డు తప్పించి గ్రీన్ లైన్ మెట్రోలో బనశంకరి దాకా వెళ్లండి. మధ్యాహ్నం స్లాట్ కాబట్టి ఆదివారం మెట్రో మీకు అందుతుంది.

ఉపవాసం మీరు ఉండండి, ఆ రోజుకి అమ్మాయిని ఉండనివ్వకండి. మీ అత్తగారు ఏమైనా అంటే నేను చెప్పానని చెప్పండి. తొమ్మిదిన్నరకి ఇడ్లీలో, పెరుగన్నమో, తనకు రోజూ అలవాటైనదే పెట్టండి. శుభమని చెప్పి నేతి పులిహోర, పాయసం పెట్టకండి, 12:30కి సరిగ్గా కళ్లు మూతలు పడతాయి. నీళ్లు కొంచెం కొంచెంగా తాగించండి.

తాయెత్తు గురించి. తనిఖీలో చేతికీ మెడకీ ఉన్నవి అడుగుతారు. లోహం బిళ్ల ఉంటే తీయమనే అవకాశం ఎక్కువ. గేటు దగ్గర కత్తెరతో దారం తెంపాల్సి వచ్చినప్పుడు అపశకునమని పిల్లల ముఖాలు వాడిపోవడం చూశాను. అందుకే ఆ పొద్దున దేవుడి ముందు మీ చేతులతో మీరే విప్పి, మీ కొంగున ముడి వేసుకుని బయట కూర్చోండి. తనకి ధైర్యం తగ్గదు, మీకూ తగ్గదు.

బయటికి రాగానే ఎన్ని చేశావని అడగకండి. పక్కవాళ్ల పిల్లలు చెప్పే అంకెలు విననివ్వకండి, ఆ అంకెలు నిమిషానికోసారి మారతాయి. తన జవాబుల కాగితం, అధికారిక కీ కొద్దిరోజుల్లో వెబ్‌సైట్‌లో పెడతారు, అప్పుడు ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు. ఆ మధ్యాహ్నానికి ముందు కడుపునిండా భోజనం పెట్టించి, పలమనేరు బస్సులో కిటికీ పక్క సీటు తనకివ్వండి.